దీనికేం పేరు పెడ్తం?

దళిత విమర్శకు పాట గురించి మాట్లాడటం వచ్చు. పాటలో ఉన్న మాట గురించి మాట్లాడటం ఇంకా బాగా వచ్చు. మాట లేని సంగీతం ఎదురైతే మాత్రం మనం ఊకుంటం. పాటలో భూమి ఉన్నదా, కూలి ఉన్నదా, కులం ఉన్నదా, దొర మీద తిట్టు ఉన్నదా అని ఎతుకుతం. దొరికితే అది మనది. దొరకకపోతే వాళ్లది. ఈ లెక్కన తీగల మీద, పిల్లనగ్రోవి మీద పలికే సంగీతమంతా వాళ్ల పేరు మీద పట్టా చేసిచ్చినట్టే అయింది. ఎవరడిగిన్రని ఇచ్చినం? మన చెయ్యి పడకుండనే ఆ సంగీతం అంతా పుట్టిందా?

ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల నించి రాలేదు. ఇళయరాజా చేసిన రెండు ఆల్బమ్‌లు విన్నంక వచ్చినయి. ఒకటి 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్'. ఇంకొకటి 1988లో వచ్చిన 'నథింగ్ బట్ విండ్'. రెండింట్లో సినిమా లేదు, హీరో లేడు, పాడే గొంతు కోసం ఎదురుచూసే పని లేదు. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ 'వాలియంట్' వాయించిన్రు. ఆ వార్త పేపర్లో చూసి, పట్నంలో చదువుకుంటున్న నా బిడ్డ ఇంటికొచ్చినప్పుడు "నాయినా, ఈయనవే గీ పాతయి ఎన్నడన్న విన్నవా?" అని అడిగింది. వినలేదన్న. ఫోన్లో పెట్టింది. మద్రాసు నించి మెదక్‌కు ఒక కేసెట్టు రావటానికి దగ్గరదగ్గర నలభై ఏండ్లు పట్టింది. మా ఊరికి ప్యాసింజర్ రైలు 2022లో వచ్చింది. ఈ సంగీతం ఆ రైలు కన్నా మూడేండ్లు ఆలస్యం.

ఎందుకు ఆలస్యమైందో చెప్పాలె. ఎనభైల చివర బస్టాండు దగ్గరి కేసెట్ల దుకాణంలో ఏమేం ఉండేవో నాకు ఇంకా యాదికున్నది. ముందు వరుసలో సినిమా పాటలు. పక్కన భక్తి పాటలు. ఇంకో మూలకు క్రైస్తవ కీర్తనలు. గద్దర్ పాటల కేసెట్లు పైకి కనపడకపోయేవి, చేతులు మారి మా దాకా వచ్చేవి. ఇళయరాజా ఆ ముందు వరుసలోనే ఉన్నడు. 'స్వర్ణకమలం', 'గీతాంజలి', 'జగదేకవీరుడు అతిలోకసుందరి' అన్నీ ఆయన చేసినవే. కానీ అట్ట మీద హీరో మొఖం ఉండేది, ఆయన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేది. మేం గూడ ఆ పాటను చిరంజీవి పాట అన్నం, నాగార్జున పాట అన్నం, బాలు పాట అన్నం. పెండ్లి మైకుల్లో వాటినే ఏసినం. ఆ పాట కింద వయోలిన్లు ఏం చేస్తున్నయో, బేస్ గిటారు ఎటు పోతున్నదో ఎవ్వరం అడగలేదు. చెప్పు తొడుక్కున్నోడు చెప్పు కుట్టినోని పేరు అడుగుతడా? అంగడిలో వస్తువుకు పేరుంటది, చేసిన చేతికి ఉండదు. ఇగ సినిమా లేని సంగీతానికి ఆ దుకాణంలో అరనే లేదు. అటువంటివి పట్నంలో, ఇంగ్లీషు చదివినోళ్ల ఇండ్లల్లో దొరికేవి. ఏది ఎవరి చెవికి చేరాలన్నది గూడ కులమూ పైసా కలిసి నిర్ణయిస్తయి.

ఈ ఆల్బమ్‌లు వినటానికి నా దగ్గర ఏం చెవి ఉన్నదో గూడ చెప్తె మంచిది. మేం మాదిగలం. మా నాయిన డప్పు కొట్టేటోడు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. సావుకొక దెబ్బ, పెండ్లికొక దెబ్బ, పోషమ్మకొక దెబ్బ, చాటింపుకొక దెబ్బ. మంట మీద డప్పును కాపి, వేలితో తట్టి, ఇంకా కాలాలె అనేటోడు. దాన్ని శ్రుతి చేసుడు అంటరని నాకు చాలా ఏండ్లకు తెలిసింది. ఆయనకు ఆ మాట తెల్వదు, పని తెలుసు. ఊరోళ్లు మిగిలిన అన్నం పెట్టి, కల్లు పోసి, కొట్టురా అనేటోళ్లు. కూలి అడిగితే నీకు ఒళ్లు బలిసింది అనేటోళ్లు. ఒకనాడు ఆ డప్పును దూలానికి తగిలేసిండు, మళ్ల దించలేదు. నా కొడుకు దీన్ని ముట్టొద్దు అన్నడు.

మా అవ్వ గుడికి పోయేది. గుడి అంటే మాకు చర్చి. మెదక్ చర్చిని 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి పూర్తి చేసిన్రు. కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర. కరువులో పని ఇచ్చి తిండి పెట్టిండని ఆయన పేరు చెప్తరు. రాళ్లు మోసినోళ్లకు అందులో పేర్లు లేవు. ఆ గుడిలో రెండు తీర్ల పాట ఉండేది. ఒకటి పురుషోత్తమ చౌదరి వంటి వాళ్లు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు. అవి రాగంలో, తాళంలో నడిచేవి. ఇంకొకటి ఇంగ్లీషు బాణీల పాట. క్రిస్మస్ నాడు కోయిర్ దాన్ని నాలుగు గొంతుల్లో పాడేది. ఆడోళ్లవి రెండు గొంతులు, మొగోళ్లవి రెండు. మా చిన్నాయిన కింది గొంతు. ఇంట్లో ఒక్కడే కూసోని తన వరుస పాడుకుంటే అది పాట లెక్కనే ఉండకపోయేది, మేం నవ్వేటోళ్లం. నలుగురితో కలిసి పాడినప్పుడు మాత్రం రాతి గోడలు గదిలినట్టు ఉండేది. ఒక్కని దగ్గర అర్థం లేనిది నలుగురి మధ్యల అర్థమైతది. ఆ పద్ధతిని పశ్చిమ సంగీతంలో హార్మనీ అంటరు.

డిగ్రీ చదివే రోజుల్లో వయోలిన్ నేర్చుకోవాలనుకున్న. ఏ ఊరో, ఏ సారో ఇక్కడ అక్కర లేదు. ఆయన ముందు నా ఇంటి పేరు అడిగిండు, తర్వాత మా నాయిన ఏం పని చేస్తడని అడిగిండు. అటెన్క నా వేళ్లు చూసి, ఇవి దీనికి పనికిరావు బాబూ అన్నడు. ఆయన కోపంగా అనలేదు, మెత్తగనే అన్నడు. మెత్తగ అన్న మాట ఎక్కువ రోజులు ఉంటది.

ఇప్పుడు ఆల్బమ్ సంగతికి వస్త. 'హౌ టు నేమ్ ఇట్'లో పది ముక్కలున్నయి. ముందు నిలబడి వాయించే వయోలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. ఆయన వెనక వయోలిన్ల, సెల్లోల గుంపు. ఆల్బమ్‌ను ఇద్దరికి అంకితం ఇచ్చిండు. ఒకరు తంజావూరు సీమ తిరువయ్యారులో తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజు (1767–1847). ఇంకొకరు జర్మనీలో చర్చి కోసం వారం వారం సంగీతం రాసిన యోహాన్ సెబాస్టియన్ బాక్ (1685–1750). ఒకరిది ఒక్క గీత మీద నడిచే సంగీతం. రాగం ఒక్కటే దారి, ఆ దారిలో ఎన్ని వంపులు తిరిగితే అంత గొప్ప. ఇంకొకరిది ఒకేసారి మూడు నాలుగు గీతలు నడిచే సంగీతం. ఒకదాని మీద ఒకటి, ఒకదానికి ఒకటి అడ్డం పడకుండ. ఈ రెండు ఒక్క దగ్గర కూసోవంటరు పండితులు. రాగంలో ప్రతి స్వరం ఊగుతది. హార్మనీ నిలబడాలంటే స్వరం ఊగకుండ ఉండాలె. ఊగేదాన్నీ నిలబడేదాన్నీ కలుపుడెట్ల? ఈ ఆల్బమ్ పని మొత్తం ఈ లెక్క తెంపుడే.

ఆయన ఎట్ల తెంపిండో వింటే తెలుస్తది. 'మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్' అని ఒక ముక్క ఉన్నది. ఫ్యూగ్ అంటే ఒక చిన్న వరుసను ఒక గొంతు ఎత్తుకుంటది. అది అయిపోంగనే రెండో గొంతు అదే వరుసను అందుకుంటది, మొదటిది ఊకోకుండ ఇంకో దారి పడ్తది. తర్వాత మూడోది. పోషమ్మ కాడ డప్పులోళ్లు గుండ్రంగ నిలబడ్డప్పుడు ఒకడు దెబ్బ ఎత్తుకుంటె పక్కోడు అందుకుంటడు, ఎత్తుకున్నోడు దాని మీద ఇంకో దెబ్బ ఏస్తడు. నాకు ఫ్యూగ్ అర్థమవటానికి వియన్నా పోవాల్సిన పని పడలేదు. మా వాడ సరిపోయింది. రాగం వరుసను ముక్కలు చేసి, ఊగే స్వరాలను ఒక గొంతుకు, నిలబడే స్వరాలను ఇంకో గొంతుకు పంచి ఇచ్చిండు. పని పంచుకున్నట్టు పంచిండు. అందుకే అక్కడ తగువు లేదు.

ఇంకొక ముక్క పేరును తెలుగులో చెప్పుకుంటె 'మా ఇంట్లో బాక్ కలిసిండు'. బాక్ ఒంటరి వయోలిన్ కోసం రాసిన ఒక నడక అందులో పోతుంటది. దాని మీద మన వంపులున్న ఇంకొక వరుస పాకుతది. దాని తర్వాతి ముక్క పేరు 'మాట్లాడుకున్నం'. ఈ రెండు పేర్లను మన పత్రికల సంగీత విమర్శకులు చమత్కారం కింద కొట్టేసిన్రు. నాకట్ల అనిపించలేదు. బాక్ ఇంటికి ఈయన పోలేదు. బాకే ఈయన ఇంటికి వచ్చిండు. త్యాగరాజు ముక్కకు పెట్టిన పేరు గూడ సూడుండ్రి. త్యాగరాజును వాద్యబృందం స్వాగతిస్తున్నదట. అంటె ఇంటాయన ఎవరు? చుట్టం ఎవరు? ఊరికి అవతల పుట్టినోడు ఊరి మధ్య మనిషిని, సముద్రం అవతలి మనిషిని తన ఇంటికి పిలిచి, చాప ఏసి, మాట్లాడుతున్నడు. మన ఇండ్లకు ఎవరొచ్చిన్రు? ఓట్లప్పుడు వచ్చినోడు గుమ్మం బయట నిలబడి మంచినీళ్లు వద్దన్నడు. అంకితం అనంగనే దండం పెట్టుడు అని మనం అనుకుంటం. ఇక్కడున్నది ఆతిథ్యం. ఆతిథ్యం ఇచ్చేటోనికి ఇల్లుండాలె. ఆ ఇల్లు ఆయన కష్టపడి కట్టుకున్నడు.

ఎట్ల కట్టుకున్నడో చరిత్రలో ఉన్నది. 1943లో మదురై సీమలోని పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టిండు. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాడే దళం నడిపిండు. తమ్ముళ్లు ఆ దళంలో హార్మోనియం మోసుకుంట ఊరూరు తిరిగిన్రు. 1968లో మద్రాసు చేరి ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పశ్చిమ సంగీతం రాయటం చదవటం నేర్చుకున్నడు. జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకునిగా పని చేసిండు. టి.వి. గోపాలకృష్ణన్ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నడు. లండన్ ట్రినిటీ కాలేజీ గిటారు పరీక్ష రాసిండు. మొదటి సినిమా 'అన్నక్కిళి' 1976లో వచ్చింది. అందులో పల్లె ఆడోళ్ల బాణీలు తమిళనాడంతా మోగినయి. అంటె మద్రాసు చేరినంక సొంత సినిమా రావటానికి ఎనిమిదేండ్లు పట్టింది. ఈ ఎనిమిదేండ్ల కూలిని ఎవరూ లెక్క కట్టరు. వరప్రసాదం అంటరు, పూర్వజన్మ సుకృతం అంటరు, సరస్వతీ కటాక్షం అంటరు. బ్రాహ్మణీయ విమర్శకు ఇది పాత అలవాటు. వాళ్ల పిల్లగాడు బాగా పాడితే సాధన, సంప్రదాయం, గురుపరంపర. మన పిల్లగాడు బాగా పాడితే దైవలీల. మనం నేర్చుకోగలమని ఒప్పుకుంటె ఇంతకాలం నేర్పకుండ ఆపినోళ్లు ఎవరన్న ప్రశ్న వస్తది. ఆ ప్రశ్న రాకుండ ఉండటానికి దేవుణ్ణి అడ్డం పెడ్తరు.

అదే వయోలిన్ సంగతి గూడ మాట్లాడుకోవాలె. అది మన దేశపు వాయిద్యం కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషోళ్ల దగ్గర నేర్చుకోని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిండు. రెండు వందల ఏండ్లల్లో అది అగ్రహారం బిడ్డ అయిపోయింది. సముద్రాలు దాటొచ్చిన ఫిడేలును ఒళ్లో కూసోబెట్టుకున్న సంగీతం, పక్క వీధిలో ఉన్న డప్పును గడప దాటనియ్యలేదు. తోలు అంటు అంటరు. మరి మృదంగానిది ఏం తోలు? ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు. దాన్ని చేసి ఇచ్చేటోళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో పేర్లతో సహా రాసిండు. అదే ఏడు చెన్నైలో ఆ పుస్తకం ఆవిష్కరణకు ఇస్తమన్న హాలును కళాక్షేత్ర ఇయ్యం పొమ్మన్నది. మా తాత తోలు ఊనేటోడు. గూళ్లె సున్నం ఏసి, తంగేడు చెక్క ఏసి, నెలల తరబడి ఆ కంపులో చేతులు పెట్టేటోడు. శాస్త్రీయ సంగీతం తాళం మా తాత అసోంటోళ్ల చేతి పని మీద నడుస్తున్నది. ఆ తాళం మాది కాదని మనమెందుకు ఒప్పుకోవాలె?

ఇగ మనవైపు నించి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పాలె. మొన్న ఒక మీటింగులో ఈ ఆల్బమ్‌ల గురించి మాట్లాడితే విద్యార్థి సంఘంలో పనిచేసే పిల్లలు మూడు ప్రశ్నలడిగిన్రు. మూడూ గట్టి ప్రశ్నలే.

మొదటిది, ఇందులో డప్పేది సార్ అన్నరు. నిజమే, నా చెవికి ఈ రెండు ఆల్బమ్‌లలో డప్పు వినపడలేదు. ఇంగ్లీషులో వెలివేసిన మనిషికి వాడే పరయా అన్న మాట తమిళ డప్పు పరై నించే పుట్టింది. అటువంటి డప్పు ఆయన సినిమాల్లో ఉన్నది, ఈ ఆల్బమ్‌లలో లేదు. తప్పెట కళాకారుల బతుకు మీద 2016లో వచ్చిన 'తారై తప్పట్టై' సినిమా నేపథ్య సంగీతానికి జాతీయ అవార్డు గూడ వచ్చింది. అంటె తెలువక కాదు. డప్పుకు సినిమా, వయోలిన్‌కు ఆల్బమ్ అన్న పంపకం మీద నాకు పేచీ ఉన్నది. బాక్‌ను ఇంటికి పిలిచినోడు ఆ పూట వాడను గూడ పిలిస్తె ఆ మాట ఇంకో తీరు ఉండేది. ఇది ఈ ఆల్బమ్‌లో నాకు కనపడే ఖాళీ. కానీ ఒక మాట. దళితుడు చేసిన సంగీతంలో డప్పు తప్పనిసరిగ ఉండాలె అనుడు గూడ కులవృత్తిని మళ్ల మెడకు తగిలించుడే. మా నాయిన దూలానికి తగిలేసింది ఎందుకు? కొట్టేటోడు తన ఇష్టంతోటి కొడితే అది కళ, కొట్టాలె అంటె అది వెట్టి. దండోర ఉద్యమం డప్పును ఆత్మగౌరవం చేసింది నిజం. ఆ గౌరవం ఒక్క డప్పుకే సరిపెట్టుకోమంటే మాత్రం ఒప్పుకోవద్దు.

రెండోది, త్యాగరాజెందుకు అన్నరు. త్యాగరాజు రాసింది తెలుగే. ఆ తెలుగు మా వాడ తెలుగు కాదు. తమిళనాడు సభల్లో ఆ తెలుగు చాలామందికి అర్థం గూడ కాదు. ఈ గొడవను 1985 నాటి 'సింధుభైరవి' సినిమా కథలోనే పెట్టిన్రు. దానికి సంగీతం ఇళయరాజాదే. అందులో త్యాగరాజు 'మరి మరి నిన్నే' కీర్తనను కాంభోజి నించి సారమతి రాగంలోకి మార్చి, పల్లె బాణీ పాటతోటి జత కట్టిండు. త్యాగరాజును పూజించేటోడు రాగం మారుస్తడా? మార్చడు, చెంపలేసుకుంటడు. మార్చినోడు ఆయనను తోటి పనివాడు అనుకున్నడు. 1988లో 'రుద్రవీణ' వచ్చింది. శాస్త్రీయ సంగీతపు గర్వాన్నీ అంటరానితనాన్నీ ఎదురెదురుగ నిలబెట్టిన కథ. దాని సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమాను మెచ్చుకోని రాసినోళ్లలో ఎంతమంది ఆ సంగీతం చేసినాయన పుట్టుక దగ్గర ఆగి ఆలోచించిన్రు?

మూడోది అన్నిటికన్న కష్టమైంది. ఆయన తాను దళితుణ్ణని ఎందుకు చెప్పుకోడు అన్నరు. ఆ పేరుతోటి తనను పిలవటం ఆయనకు ఇష్టం లేదు. రమణ మహర్షి భక్తుడు. 2022 ఏప్రిల్‌లో అంబేడ్కర్‌నూ మోదీనీ కలిపి వేసిన పుస్తకానికి ముందుమాట రాసి ఇద్దరినీ పోల్చిండు. దేశమంతా వాదం నడిచింది. జులైలో రాజ్యసభకు నామినేట్ అయిండు. ఆ ముందుమాటను నేను ఒప్పుకోను. మహద్ చెరువు నీళ్లు తాగి, కులనిర్మూలన రాసి, చివరికి బుద్ధుని దగ్గరికి పోయిన మనిషిని ఏ అధికారం పక్కన నిలబెట్టినా నాకు సమ్మతం కాదు. 'హౌ టు నేమ్ ఇట్'లో ఒక ముక్క పేరు 'పోల్చకు' అని అర్థమొచ్చే 'డోంట్ కంపేర్'. 1986లో ఆ పేరు పెట్టినాయన 2022లో దాన్ని మరిచినట్టున్నడు.

కానీ ఆయన రాసిన ముందుమాట వేరు, రాసిన సంగీతం వేరు. మనిషి తన పుట్టుక పేరు చెప్పకపోతే చేసిన పని మనది కాకుండ పోతదా? పేరు సంగతి మనకంటె ఎవరికి ఎక్కువ తెలుసు? మా నాయిన పేరును ఊర్లో ఒక్కరు గూడ నిండుగ పిలవలేదు, చివరికి గాడు తగిలించిన్రు. ఇళయరాజాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు జ్ఞానదేశికన్. బడిలో రాజయ్య. ధన్‌రాజ్ మాస్టారు రాజా అన్నడు. సినిమాలోకి వచ్చినప్పుడు ముందర ఇళయ చేర్చిన్రు. పేరు మారినప్పుడల్లా ఒక గడప దాటిండు. అసోంటి మనిషి తన ఆల్బమ్‌కు 'దీనికేం పేరు పెట్టాలె' అని పెట్టిండంటె, అది పండితుల కోసం వేసిన పొడుపుకథ మాత్రమే అనుకోను. కర్ణాటకమా, పాశ్చాత్యమా, జానపదమా అని అరల్లో పెట్టేటోళ్లకు ఆ పేరే జవాబు. కులం గూడ అరల్లో పెట్టుడే కదా.

తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ మా జిల్లా బిడ్డ. 1972లో మొదలైన జననాట్యమండలి గొంతు ఆయనది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద తూటాలు పేల్చిన్రు. అందులో ఒకటి ఒంట్లోనే ఉండగ 2023 ఆగస్టు 6న పోయిండు. గద్దర్ పాట వింటె లేచి నిలబడాలనిపిస్తది. ఈ ఆల్బమ్ వింటె కూసోని ఇంకోసారి వినాలనిపిస్తది. రెండూ కావాలె. ఇద్దరూ ఎర్రజెండా దళాల్లోనే తిరిగిన్రు. ఒకరు మాట దిక్కు పోయిన్రు, ఒకరు స్వరం దిక్కు పోయిన్రు. ఉద్యమం మాట దిక్కు పోయినోణ్ణి గుండెకు హత్తుకున్నది, స్వరం దిక్కు పోయినోణ్ణి సినిమాకు వదిలేసింది. అంబేడ్కర్ పార్లమెంటు పని, పుస్తకాల పని మధ్యల వయోలిన్ నేర్చుకున్నడు. దానివల్ల ఏ హక్కు వచ్చిందని అడుగుతమా? మనిషికి సంతోషపడే హక్కు, నేర్చుకునే హక్కు గూడ హక్కులే. నా వేళ్లు పనికిరావన్నోని మాటకు అంబేడ్కర్ వేళ్లే జవాబు.

'నథింగ్ బట్ విండ్' గురించి గూడ చెప్పాలె. హరిప్రసాద్ చౌరాసియా వేణువు చుట్టూ పెద్ద వాద్యబృందాన్ని కట్టిన ఆల్బమ్ అది. వేణువు గొప్పది. కానీ మొదటి ఆల్బమ్‌లో ఉన్న పట్టుదల నాకు ఇందులో దొరకలేదు. మొదటిదాంట్లో నలుగురు వాదించుకుంటరు, ఇందులో ఒకరు మాట్లాడితే మిగిలినోళ్లు తల ఊపుతరు. అందం ఎక్కువ, పేచీ తక్కువ. మోజార్ట్ అంటె ఇష్టమని ఒక ముక్కకు పేరే పెట్టుకున్నడు. ఇష్టం చెప్పుకునేకాడ కన్న, కొట్లాడి కలిసినకాడ ఈయన సంగీతం బలంగ ఉంటది. ఒక్క ఆల్బమే వినే తీరిక ఉన్నోళ్లకు నేను మొదటిదే ఇస్త.

ఇంకో సంగతి. 2017లో తన పాటలు వేదికల మీద పాడాలంటె అనుమతి తీసుకోవాలని బాలసుబ్రహ్మణ్యం బృందానికి ఇళయరాజా లాయర్ నోటీసు పంపిండు. అప్పటి నించి కోర్టుల్లో హక్కుల గొడవలు నడుస్తనే ఉన్నయి. నిర్మాతల వాదం నిర్మాతలది, పాడినోళ్ల వాదం పాడినోళ్లది. చట్టం తేల్చాల్సింది చట్టం తేలుస్తది. నేను చూసింది వేరు. ఆ రోజుల్లో ఎక్కడ కూసున్నా గర్వం, అహంకారం, ఇంత సంపాదించినంక ఇంకేం కావాలె అన్న మాటలే వినపడ్డయి. ఈ మాటలు నాకు తెలిసినయే. మా నాయిన కూలి అడిగినప్పుడు ఊరోళ్లు అన్నయే. చేసిన పనికి లెక్క అడిగిన దళితునికి ఈ దేశంలో పొగరు అనే పేరు సిద్ధంగ ఉంటది.

అందుకే విద్యార్థులతోటి, కార్యకర్తలతోటి నా మాట ఇది. మన విమర్శ ఇంత దాకా అక్షరాన్ని చదివింది. ఇప్పుడు చప్పుడును చదవటం నేర్చుకోవాలె. హాస్టళ్లల్లో మీటింగు ముగిసినంక ఒక గంట ఈ ఆల్బమ్ పెట్టుకోని వినుండ్రి. ఏ గొంతు ఎప్పుడు ఎత్తుకున్నది, ఏది అందుకున్నది కాగితం మీద గీతలు గీసుకోండ్రి. సంగీతం రాసే లిపి నేర్చుకోండ్రి, అది ఎవని తాత సొత్తూ కాదు. ఇంకొక పని ఉన్నది, అది తొందరగ చెయ్యాల్సిన పని. మీ ఊర్లల్లో డప్పు దెబ్బలు తెలిసిన ముసలోళ్లు ఇంకా కొందరున్నరు. సావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు అని చేతితోటి చూపగలిగినోళ్లు. వాళ్లకు కూలి ఇచ్చి, పేరు అడిగి, నిండు పేరు రాసుకోని, ఆ దెబ్బలను లెక్కతోటి సహా లిపిలో పెట్టుండ్రి. మా నాయిన దగ్గర నేను తొమ్మిది దెబ్బలు రాసుకున్న. మిగిలినయి ఆయనతోటే పోయినయి.